చెత్తనుండి వెలుగు

హైదరాబాదు నగరమునకు తూర్పున రామంతాపూర్ అను పేట కలదు. అచ్చటినుండి హబ్సిగూడ మీదుగా కొంతదూరము పోయినచో తార్నాక వచ్చును. తార్నాకను ఆనుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము వ్యాపించియున్నది. ఈ విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున స్థాపింపబడినది. 1939వ సంవత్సరమున ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతిభవనము దీనికి తలమానికము. ఈ ఆవరణమునకు చుట్టుపట్లనే జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మొదలగు గొప్ప పరిశోధనాలయములు నెలకొనియున్నవి. ఇంతటి విద్వత్సంపద ఒక్కచోట చేరిన ప్రదేశములు అరుదు.

విద్యకు పేరుగన్న ఈ ప్రాంతమే 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన గొప్ప ఆపదకు గురియైనది. ఆనాటి వాన రాత్రి చాలవరకు ఎడతెరపి లేక కురిసెను. బేగంపేటలోని వాతావరణ కేంద్రమున ఒక్క దినములోనే సుమారు 19 సెంటీమీటర్ల వర్షము నమోదైనది. నగరమునకు తూర్పుననున్న ఘట్‌కేసర్ వైపున 30 సెంటీమీటర్లకు మించి కురిసినది. రామంతాపూర్ చెరువు నిండి పొరలినది. హబ్సిగూడ, రామంతాపూర్ పల్లపు వీధులలోని యిండ్లలోనికి నీరు ప్రవేశించినది. బియ్యపు సంచులు, పిల్లల పుస్తకములు, పరుపులు అన్నియు తడిసిపోయినవి. జనులు మేడలపైకెక్కి తలదాచుకొనిరి. కొన్ని వీధులలో నీరు తీయుటకు దినములు పట్టినది.

ఆ పేటలవారికి నిత్యమును కనుపించు దృశ్యము వేరొకటి కలదు. సాయంకాలమున కూరగాయల అంగడి ముగియువేళ, అమ్ముడుపోని టొమాటోలు, వాడిన ఆకుకూరలు, పగిలిన గుమ్మడికాయలు ఒకచోట కుప్పగా పోయుదురు. చెత్తబండి వచ్చి ఆ కుప్పను ఎత్తుకొనిపోవును. వీధి శుభ్రపడినదని అందరును సంతోషింతురు. ఆ చెత్త ఎచ్చటికి పోయినది, అచ్చట ఏమగుచున్నది అని విచారించువారు మాత్రము కొలదిమందియే.

కుళ్లిన టొమాటోకును, వీధిలోనికి వచ్చిన వరదకును సంబంధమేమి? ఈ ప్రశ్న మొదట విడ్డూరముగా తోచవచ్చును. కాని విచారించి చూచినచో, నేటి ప్రపంచమును వేధించుచున్న ఒక పెద్ద సమస్య ఈ రెంటి నడుమనే ఇమిడియున్నది. ఆ సమస్యయే వాతావరణపు మార్పు.

భూమికి వెచ్చదనము సూర్యునివలన కలుగుచున్నది. పగలు భూమి గ్రహించిన వేడి తిరిగి ఆకాశమునకు పోవుచుండును. గాలిలోనున్న కొన్ని వాయువులు ఆ వేడిలో కొంత భాగమును పోనీయక పట్టియుంచును. ఇవి భూమికి కప్పిన దుప్పటివంటివి. ఈ దుప్పటియే లేకున్నచో భూమి మంచుగడ్డవలె చల్లబడి, జీవులకు నివాసయోగ్యము కాకపోయెడిది. కావున దుప్పటి యుండుట మేలే. అది నానాటికి మందమగుటయే కీడు. బొగ్గును, పెట్రోలును, డీజిలును కాల్చునపుడెల్ల బొగ్గుపులుసు వాయువు పుట్టి గాలిలో కలియుచున్నది. యంత్రయుగమునకు పూర్వము పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్లు మాత్రమే యుండెను. నేడది 420 పాళ్లను మించినది. దాని ఫలముగ భూమి వేడెక్కుచున్నది. మానవులు ఉష్ణోగ్రతలను కొలిచి వ్రాసియుంచుట మొదలిడిన తరువాత వచ్చిన సంవత్సరములన్నింటిలో 2024 మిక్కిలి వేడియైనదని ప్రపంచ వాతావరణ సంస్థ తెలిపినది.

వేడిగాలి చల్లనిగాలికంటె ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఒక్క డిగ్రీ వేడి పెరిగినచో గాలి సుమారు నూటికి ఏడుపాళ్లు అధికముగ ఆవిరిని పట్టుకొనును. అంత నీటిని మోయు మేఘము కురిసినపుడు వాన కుంభవృష్టియగుటలో ఆశ్చర్యము లేదు. అయినను ఏ ఒక్క వానకును వాతావరణపు మార్పే కారణమని చెప్పుట శాస్త్రమునకు సమ్మతము కాదు. కుంభవృష్టులు పూర్వమును కురిసినవి. అట్టి వానలు మునుపటికంటె తరచుగను, ఉద్ధృతముగను వచ్చుటకు అవకాశము పెరుగుచున్నదని మాత్రమే శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పడిన నీటిని వరదగా మార్చునది మానవుడు చేసిన మరియొక తప్పిదము. చెరువులను పూడ్చి, కాలువలపై కట్టడములు కట్టినచో నీరు ఎచ్చటికి పోవును? రామంతాపూర్ చెరువును చెత్తతో నింపుచున్నారను ఫిర్యాదు ఒకప్పుడు ఉన్నత న్యాయస్థానమువరకు పోయినది. నీరుండవలసిన చోట చెత్త చేరినపుడు, మనుష్యులుండవలసిన చోటికి నీరు చేరును.

ఇక టొమాటో సంగతి. కూరగాయలు గాలి తగులుచోట ఎండి మురిగినచో పెద్ద హాని లేదు. కాని చెత్తగుట్టల అడుగున గాలి సోకని చోట అవి కుళ్లినపుడు కొన్ని సూక్ష్మజీవులు వాటిని తిని మీథేను అను వాయువును విడుచును. వేడిని పట్టియుంచుటలో ఈ వాయువు మిక్కిలి బలమైనది. నూరేండ్ల లెక్కలో చూచినచో, ఒక కిలో మీథేను సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానముగ భూమిని వేడెక్కించును. ఈ విధముగా అంగడిలో పారవేసిన కూరగాయయు భూమి దుప్పటిని మందము చేయుచున్నది. మీథేనుకు వేరొక గుణము కూడ కలదు. అది చక్కగా మండును. గాలిలోనికి పోయినచో హాని చేయు వాయువే, పట్టి పొయ్యిలో మండించినచో అన్నము వండిపెట్టును. శత్రువును సేవకునిగా చేసికొను ఉపాయము ఈ గుణములోనే యున్నది.

ఇట్టి పరిస్థితిలో ప్రభుత్వములును, వ్యాపారసంస్థలును చేయవలసిన పనులు రెండు విధములు. వేడికి కారణమైన వాయువులను తగ్గించుట మొదటిది. తప్పనిసరిగా రానున్న ఎండలను, వానలను తట్టుకొనుటకు సిద్ధపడుట రెండవది. ఈ రెండును నాలుగునాళ్ల ఆర్భాటముగ కాక, ఏండ్ల తరబడి నిలుచునట్లు చేయవలెను. ఆ నిలుకడ ఎట్లు లభించునన్నదే అసలు ప్రశ్న.

రెండవ విధమైన పనికి హైదరాబాదు చరిత్రలోనే ఒక మేలైన ఉదాహరణము కలదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది మహోగ్రముగ పొంగినది. పైనున్న చెరువులు అనేకములు తెగి, ఆ నీరంతయు నగరముపై పడినది. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములోనున్న ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది బ్రతికి బయటపడిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, ఆపద వచ్చినపిమ్మట విచారించుట లోకసహజము. కాని ఆనాటి ప్రభుత్వము విచారించి ఊరకుండలేదు. 1909వ సంవత్సరమున మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. నగరమునకు ఎగువన పెద్ద జలాశయములను కట్టి వరదను అచ్చటనే ఆపవలెనని ఆయన సలహా యిచ్చిరి. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. ఈ జలాశయములు వరదను అదుపుచేయుటయే కాక, నగరమునకు త్రాగునీటిని కూడ ఇచ్చినవి. ఒక్క పనికి రెండు ప్రయోజనములు కలిగినందుననే అవి సుమారు నూరేండ్లు గడచినను ఆదరణ కోల్పోలేదు. ఏటేట రాని వరదను మాత్రమే ఆపు కట్టడమును జనులు మరచిపోవచ్చును. దాహము తీర్చు చెరువును ఎవ్వరు మరచిపోగలరు?

మొదటి విధమైన పనికి, అనగా హానికర వాయువులను తగ్గించుటకు, తార్నాకలో పుట్టిన ఒక ఉపాయము మంచి దృష్టాంతము. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పేరు పైన చెప్పబడినది కదా. 1944వ సంవత్సరమున హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము ఒక పరిశోధనాలయమును నెలకొల్పెను. 1956లో దానిని కేంద్రప్రభుత్వపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి తన అధీనములోనికి తీసికొనెను. 1989లో దానికి నేటి పేరు వచ్చినది. మందులకు, రంగులకు, పురుగుమందులకు సంబంధించిన రసాయనశాస్త్రములో ఈ సంస్థకు పేరు. చెత్తను గూర్చియు ఈ సంస్థలోని శాస్త్రజ్ఞులు ఆలోచించిరి.

పల్లెలలో గోబర్ గ్యాసును ఎరుగనివారుండరు. పేడను నీటితో కలిపి మూతగల గుంటలో పోసినచో కొన్ని దినములకు వంటకు పనికివచ్చు వాయువు వచ్చును. కాని అందు చెత్త జీర్ణమగుటకు ముప్పది నలువది దినములు పట్టును. దినమునకు పదిటన్నుల కూరగాయల చెత్త వచ్చు అంగడిలో అంత తీరిక ఎక్కడిది? నలువది దినముల చెత్తను నిలువచేయవలెనన్నచో ఎంత పెద్ద గుంటయైనను చాలదు. కావున చెత్తను త్వరగా జీర్ణము చేయు పాత్ర కావలసివచ్చినది. తార్నాక శాస్త్రజ్ఞులు రూపొందించిన పాత్ర అట్టిది. లోని ద్రవమును కలియబెట్టుటకు ఇందు తెడ్లు తిప్పరు. వాయువు పైకి పొంగునపుడు ద్రవమును తనతో లేవనెత్తును గదా. ఆ పొంగుచేతనే ద్రవము కలియబడును. అందుచే సూక్ష్మజీవులకు ఆహారము చక్కగా అందును. పని త్వరగా జరుగును.

సికింద్రాబాదు సమీపమున బోయినపల్లిలో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్టు కలదు. నలుదిక్కులనుండి రైతులు తెచ్చిన కూరలు తెల్లవారక ముందే ఇచ్చట చేతులు మారుచుండును. ఇంత వ్యాపారము జరుగుచోట చెత్తయు అంతగానే మిగులును. పూర్వము ఈ చెత్తను లారీలలో దూరముననున్న గుట్టలకు తరలించుచుండిరి. లారీకి డీజిలు ఖర్చు, గుట్టలో మీథేను, చుట్టుప్రక్కలవారికి దుర్వాసన—ఇవియే దానివలన కలిగిన ఫలములు.

ఇప్పుడు ఆ మార్కెట్టు ఆవరణములోనే తార్నాక ఉపాయముతో ఒక యంత్రశాల నెలకొన్నది. పనివారు చెత్తను కదలుచుండు పట్టాపై వేయుదురు. అది యంత్రములో పడి సన్నగా తరుగబడును. తరిగిన ముక్కలు నీటితో కలిసి అంబలివలె చిక్కని ద్రవమగును. ఆ ద్రవము గాలి చొరని పెద్ద పాత్రలలోనికి పోవును. అచ్చట సూక్ష్మజీవులు తమ పనిని నెరవేర్చును. పుట్టిన వాయువును వేరుగ పట్టి, అందులోని మలినములను తొలగించి, జనరేటరునకు పంపి విద్యుచ్ఛక్తిని పుట్టింతురు. మిగిలిన మడ్డి పొలములకు ఎరువుగ ఉపయోగపడును. పొలమునుండి వచ్చిన సారము మరల పొలమునకే చేరును.

దినమునకు సుమారు పదిటన్నుల చెత్తనుండి 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల ఇంధనమును ఇచ్చట తీయుచున్న సంగతిని 2021 జనవరి 31వ తేదీన ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో ప్రశంసించిరి. ఆ విద్యుత్తుతో మార్కెట్టులోని దీపములు వెలిగినవి. ఆ ఇంధనముతో మార్కెట్టు భోజనశాలలో వంట జరిగినది. 500 యూనిట్లనగా ఎంత? ఇరువది వాట్ల గొట్టపుదీపము పది గంటలు వెలిగినచో యూనిట్టులో అయిదవ వంతు ఖర్చగును. అనగా 500 యూనిట్లతో అట్టి దీపములు 2,500 పది గంటలపాటు వెలుగును. నిన్న చీదరించుకొని పారవేసిన చెత్తయే నేడు అంగడికి వెలుగగుచున్నది.

ఈ యంత్రశాలలో ఎవరి భాగమెంత యని గమనింపవలెను. ఉపాయము ప్రభుత్వ పరిశోధనాలయమునుండి వచ్చినది. ధనసహాయము కేంద్రప్రభుత్వపు జీవసాంకేతిక శాఖనుండియు, తెలంగాణ రాష్ట్రపు వ్యవసాయ మార్కెటింగు శాఖనుండియు లభించినది. యంత్రములను నిలిపి నడుపు పని హైదరాబాదులోని అహూజా ఇంజనీరింగ్ సర్వీసెస్ అను ప్రైవేటు సంస్థకు అప్పగింపబడినది. చెత్తనిచ్చినది మార్కెట్టు. పట్టాపై వేసినది కూలిజనము. వీరిలో ఏ ఒక్కరు లేకున్నను పని సాగదు. శాస్త్రజ్ఞుడొక్కడే యున్నచో అది పుస్తకములోని బొమ్మగా మిగిలిపోవును. ప్రభుత్వమొక్కటే యున్నచో శంకుస్థాపన ఫలకము మిగులును. వ్యాపారియొక్కడే యున్నచో లాభము చాలదని మానుకొనును. అందరును కలిసినందున దీపము వెలిగినది.

అయితే ఇట్టి యత్నములన్నియు ఫలించినవని తలపరాదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఉత్తరప్రదేశములోని లక్నో నగరమున ఇంతకంటె ఎంతో పెద్దదియగు యంత్రశాలను కట్టిరి. చెత్తనుండి వాయువును తీసి విద్యుత్తును పుట్టింపవలెననియే వారి ఉద్దేశము. కాని అది కొలదికాలమునకే మూతపడినది. యంత్రశాలకు వచ్చిన చెత్తలో కూరగాయలతోపాటు మన్ను, రాళ్లు, ప్లాస్టిక్కు సంచులు కలిసియుండెను. సూక్ష్మజీవులు ప్లాస్టిక్కును తినజాలవు. మన్ను యంత్రములను అరగదీయును. బోయినపల్లిలో చెత్త అంతయు కూరగాయలే యగుటవలన ఈ చిక్కు తక్కువ. దీనినిబట్టి ఒక సత్యము తేటపడుచున్నది. ఎంత గొప్ప యంత్రమైనను, ఇంటిలోను, అంగడిలోను చెత్తను వేరుచేయు చేతులు లేకున్నచో నిష్ప్రయోజనమే.

హైదరాబాదువారికి ఈ సంగతి తెలియనిది కాదు. 2015వ సంవత్సరమున నగరపాలక సంస్థ ఇంటింటికి ఒక ఆకుపచ్చ బుట్టను, ఒక నీలి బుట్టను పంచినది. తడిచెత్త ఆకుపచ్చ బుట్టలోను, పొడిచెత్త నీలి బుట్టలోను వేయవలెనని నియమము. చాలమంది అట్లే చేసిరి. కొందరు మాత్రము కొత్తబుట్టలు ముచ్చటగానున్నవని నీళ్లకును, ఇంటి సామానులకును వాడుకొనిరి. ప్రభుత్వము బుట్టనీయగలదు గాని, దానిని వాడు అలవాటును పంచిపెట్టజాలదు. అలవాటు ఇంటిలోనే పుట్టవలెను.

పదిటన్నుల చెత్త చాల స్వల్పమే. హైదరాబాదు మహానగరమునుండి దినమునకు వేలటన్నుల చెత్త బయలుదేరుచున్నది. కావున ఒక్క బోయినపల్లితో సమస్య తీరిపోవునని సంతోషించుట అమాయకత్వము. కాని ఆ మార్కెట్టు నేర్పిన పాఠము ఇతర పనులకును వర్తించును. ఇంటి కప్పు సంగతి చూడుడు. నల్లని, బూడిదరంగు కప్పులు ఎండవేడిని పీల్చుకొని రాత్రివరకును ఇంటిలోనికి వదలుచుండును. తెల్లని పూత పూసినచో ఎండలో ఎక్కువ భాగము తిరిగి ఆకాశమునకు పోవును. విసనకఱ్ఱ తప్ప వేరు సాధనము లేని రేకుల యింటి పేదవానికి ఇది గొప్ప ఉపశమనము. శీతలయంత్రములున్న ధనికునికి విద్యుత్తు ఖర్చు తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023వ సంవత్సరమున చల్లని కప్పుల విధానమును ప్రకటించినది. దాని ప్రకారము ప్రభుత్వ భవనములకును, వ్యాపార భవనములకును, 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలములోని ఇండ్లకును అట్టి కప్పు తప్పనిసరి. అంతకంటె చిన్న యిండ్లవారికి అది ఐచ్ఛికము. మోయగలవానిపైననే నియమమును మోపుట ఇందలి న్యాయము.

వ్యాపారసంస్థలకు గూడ హైదరాబాదులో ఒక మేలుబంతి కలదు. 2004 జులై 14వ తేదీన నాటి రాష్ట్రపతి ఏ. పి. జె. అబ్దుల్ కలాముగారు భారత పరిశ్రమల సమాఖ్యవారి సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమును ప్రారంభించిరి. స్థలమును నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇచ్చినది. ధనమును గోద్రెజ్ వారి ధర్మసంస్థ ఇచ్చినది. ఆ భవనపు కప్పుపై పచ్చిక పెంచిరి. నడుమ ముంగిళ్లు విడిచి పగటివెలుగు గదులలోనికి వచ్చునట్లు కట్టిరి. గాలిని చల్లబరచు గోపురములను నిలిపిరి. వాడిన నీటిని మొక్కల వేళ్లచే శుభ్రపరచి తోటకు మళ్లించిరి. మన పెద్దలు కట్టిన మండువా లోగిళ్లలో గాలి, వెలుగు ఎట్లు ప్రవేశించెడివో స్మరించినచో, ఇందు కొత్తదనముతోపాటు పాతవివేకము కూడ కలదని తెలియును. ఇట్టి కట్టడములో విద్యుత్తు ఖర్చు బాగుగ తగ్గుననుట వ్యాపారులకు రుచించినది. తరువాత దేశములో అనేక సంస్థలు ఆ మార్గమునే అనుసరించినవి.

వ్యాపారి లెక్క చూచుకొనుట తప్పు కాదు. లెక్క సరిపడని పని ఎంతకాలమో సాగదు. కాని కొందరి లెక్క వేరు. ఏడాదికి ఒకనాడు నాలుగు మొక్కలు నాటి, ఛాయాచిత్రములు తీయించుకొని, మిగిలిన దినములలో పొగగొట్టముల సంగతి మరచిపోవువారున్నారు. నీరుపోయని మొక్క ఎంతకాలము బ్రతుకును? ఇట్టి ఆర్భాటమును, నిజమైన పనిని వేరుచేసి చూచుటకు మూడు ప్రశ్నలు చాలును. దీనివలన గాలిలోనికి పోవు హానికర వాయువు నిజముగ ఎంత తగ్గినది? దీని ఖర్చును ఎవరు భరించుచున్నారు, లాభము ఎవరికి చేరుచున్నది? పదేండ్ల తరువాత కూడ ఇది నడుచునా? ఈ మూటికిని తగిన సమాధానము చెప్పగల పనియే నిలుకడ గల పని.

ప్రభుత్వము కర్తవ్యమును ఇందులోనే యున్నది. హాని చేయు పనిని ఖరీదైనదిగను, మేలుచేయు పనిని సులభమైనదిగను చేయుట ప్రభుత్వము చేతిలోని సాధనము. పరిశోధనకు ధనమిచ్చి, నియమములను అందరికి సమముగ అమలుపరచి, చెరువుల హద్దులను కాపాడి, పేదవానిపై భారము పడకుండ చూడవలెను. ఇవి చేసినచో వ్యాపారి తన లాభముకొరకే లోకమునకు మేలు చేయును. చేయకున్నచో సజ్జనుడైన వ్యాపారి సైతము పోటీలో వెనుకబడును.

తార్నాకలోని పరిశోధనాలయము రామంతాపూర్ చెరువునకు కొలది దూరములోనే యున్నది. ఒకచోట మానవుడు చెత్తనుండి వెలుగును తీయుట నేర్చుకొనెను. మరియొకచోట చెత్తతో చెరువును నింపి చీకటిని కొనితెచ్చుకొనెను. ఈ రెండును ఒకే నగరములో, ఒకే కాలములో జరిగినవి. విద్య లేక కాదు, ఆ విద్య ఇంటింటికి చేరకపోవుటచేతనే ఈ వింత కలిగినది.

పరిశోధనాలయమునుండి ఇంటికి ఆ విద్యను తీసికొనిపోవలసినవారు ఎవరు? పాఠశాలకు పోవు బాలబాలికలకంటె తగినవారు లేరు. వంటయింటిలో అమ్మ కూరలు తరిగినపుడు మిగిలిన తొక్కలను ఏ బుట్టలో వేయవలెనో తెలిసిన పిల్లవాడు యంత్రశాలకు మొదటి పనివాడు. వీధిలోని చెరువుగట్టున చెత్త పోయుట చూచి, ఇది తగదని వినయముగ పెద్దలకు చెప్పగల బాలిక నగరమునకు మొదటి కావలి. మరల ఒకనాడు అక్టోబరు మాసములో నల్లని మబ్బులు క్రమ్మినపుడు, ఆ నీటికి చెరువులో చోటున్నదా లేదా అనునది నేడు ఆ బుట్టలో వేసిన గుప్పెడు తొక్కలతోనే మొదలగును.